శాచురేషన్ ఎంతకు పడిందో కూడా రాయించండి: ఎయిర్‌వే పరిశోధన పెద్దలకు బహిరంగ లేఖ

అనస్థీషియా పత్రికల సంపాదకులకు, పరిశోధనకు నిధులిచ్చే సంస్థలకు, ఎథిక్స్ కమిటీ సభ్యులకు, పీజీ థీసిస్‌లకు ఆమోదం తెలిపే ఆచార్యులకు నమస్కారం.

డిఫికల్ట్ ఎయిర్‌వే (శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం కష్టమయ్యే గొంతు) మీద ఏటా కుప్పలుగా వ్యాసాలు వస్తున్నాయి. సగానికి సగం ఒకే మూసలో ఉంటాయి. ఒక కొత్త వీడియో లారింగోస్కోప్ (గొంతు లోపలిని కెమెరాతో తెర మీద చూపే పరికరం), నేరుగా కంటితో చూసి వేసే ఒక పాత బ్లేడు, ఏ జబ్బూ లేని 60 మంది రోగులు, కాదంటే ఒక మానికిన్ (శిక్షణ బొమ్మ). ట్యూబ్ వేయడానికి పట్టిన సెకన్లు, స్వరపేటిక ఎంత కనిపించిందన్న గ్రేడు, చివర ఒక పి విలువ (తేడా కాకతాళీయమా అని చూసే గణాంకం). 24 సెకన్లు పట్టాల్సిన చోట 31 పట్టిందని తేలితే, నిండా ఆక్సిజన్ ఎక్కించిన ఆరోగ్యవంతుడికి ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. మీ నలుగురి గుమ్మాల్లో కనీసం ఒక్కటైనా దాటకుండా ఏ అధ్యయనమూ బయటికి రాదు కాబట్టి ఈ మాట మీకే చెబుతున్నాం: ఇక మీదట ప్రతి ఎయిర్‌వే అధ్యయనంలో రోగి ఒంట్లో ఏం జరిగిందో, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంతకు పడిందో ముందు రాయించండి. పరికరం సంగతి తర్వాత.

వీడియో లారింగోస్కోప్ పనికొస్తుందా అన్న ప్రశ్న తేలిపోయింది. 2022 నాటి కాక్రేన్ సమీక్ష 222 అధ్యయనాలను, 26,149 మంది రోగులను ఒకచోట చేర్చింది. మామూలు మెకింటాష్ ఆకారపు బ్లేడైనా, బాగా వంపు తిరిగిన హైపర్‌యాంగ్యులేటెడ్ బ్లేడైనా, ట్యూబుకు గాడి ఉన్న రకమైనా పెద్దవాళ్లలో ఇంట్యుబేషన్ (ట్యూబ్ వేయడం) విఫలం కావడాన్ని తగ్గించాయని చెప్పింది. 2024లో జామా వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో 8,429 శస్త్రచికిత్సలకు రెండు పద్ధతులూ పోల్చారు. ఒకటికి మించి ప్రయత్నాలు కావలసి వచ్చినవి వంపు బ్లేడు వీడియోతో 1.7 శాతం, నేరుగా చూసే మామూలు బ్లేడుతో 7.6 శాతం. దీని మీద మరో మానికిన్ అధ్యయనం ఏం కలుపుతుందో మాకు అర్థం కాదు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. 2023లో వచ్చిన డివైస్ ట్రయల్‌ను జాగ్రత్తగా చూడండి. 17 ఎమర్జెన్సీ, ఐసీయూ విభాగాల్లో తీవ్రంగా జబ్బుపడిన 1,417 మంది మీద చేశారు. తొలి ప్రయత్నంలోనే ట్యూబ్ పడినవి వీడియోతో 85.1 శాతం, నేరుగా చూసి వేసినప్పుడు 70.8 శాతం. పధ్నాలుగు శాతం తేడా అంటే మాటలు కాదు, ట్రయల్‌ను ముందే ఆపేశారు. అదే పట్టికలో కిందికి దిగితే తీవ్రమైన ఇబ్బందులు కనిపిస్తాయి: ఒక గుంపులో 21.4 శాతం, ఇంకో గుంపులో 20.9. ట్యూబ్ త్వరగా పడింది. రోగికి శాచురేషన్ పడిపోవడం, బీపీ కూలిపోవడం, గుండె ఆగడం మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు దాని పక్కన 2024 నాటి ప్రీఆక్సీ ట్రయల్‌ను పెట్టండి. ఇందులో బ్లేడు ఊసే ప్రధానం కాదు. ట్యూబ్ వేసే ముందు ఆక్సిజన్‌ను మామూలు మాస్కుతో ఇవ్వాలా, బిగుతు మాస్కుతో నాన్‌ఇన్వేసివ్ వెంటిలేషన్ ద్వారా ఇవ్వాలా అన్నదే ప్రశ్న. 1,301 మందిలో శాచురేషన్ 85 కన్నా కిందికి జారినవారు మామూలు మాస్కు గుంపులో 18.5 శాతం, వెంటిలేషన్ గుంపులో 9.1 శాతం. సగానికి తగ్గింది. 2019లో ప్రీవెంట్ ట్రయల్ ఇంకా చిన్న మార్పును పరీక్షించింది: మత్తు, కండరాలను సడలించే మందు ఇచ్చాక లారింగోస్కోప్ పెట్టేదాకా చేతులు ముడుచుకుని నిలబడకుండా బ్యాగుతో మెల్లగా ఊపిరి ఇవ్వడం. 401 మందిలో, శాచురేషన్ 80 కన్నా తగ్గినవారు 22.8 శాతం నుంచి 10.9కి వచ్చారు. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న భయంతో తరతరాలుగా వద్దన్న పని ఇది. ఆ ట్రయల్‌లో ఆ ప్రమాదం పెరిగినట్టు కనిపించలేదు. అంత అరుదైన సంగతిని 401 మందితో తేల్చేయలేమన్నదీ నిజమే.

బ్యాగుకు ఖరీదైన తెర ఉండదు, దాని వెనక అమ్మకాల మనిషి ఉండడు. మంచి ప్రశ్నలు ఎక్కడ పుడతాయో, నిధులు ఎక్కడికి పోతాయో నిధులిచ్చేవారు ఒకసారి పోల్చి చూసుకోవాలి.

ఆక్సిజన్ లెక్క ఎందుకు అంత ముఖ్యమో రెండు అంకెలతో తెలుస్తుంది. 70 కిలోల మనిషి వెల్లకిలా పడుకుని మామూలుగా ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి దాదాపు 2 లీటర్లు. గదిగాలి పీల్చే మనిషి అయితే అందులో ఆక్సిజన్ 300 మి.లీ. లోపే. శరీరం నిమిషానికి 250 మి.లీ. వాడుకుంటుంది. అంటే ఊపిరి ఆగితే చేతిలో ఉన్నది ఒక నిమిషం చిల్లర. ఆ 2 లీటర్లలోని నైట్రోజన్‌ను కడిగి ఆక్సిజన్‌తో నింపితే అదే మనిషికి సుమారు 8 నిమిషాలు దొరుకుతాయి. 1997లో బెనుమాఫ్ బృందం వేసిన గణిత నమూనా ప్రకారం, స్థూలకాయుల్లో ఎంత బాగా ఆక్సిజన్ ఎక్కించినా శాచురేషన్ 90కి పడడానికి 3 నిమిషాలు కూడా పట్టదు. కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ప్రభావం తగ్గి ఊపిరి తిరిగి వచ్చేది ఆ తర్వాతే. ‘ట్యూబ్ పడకపోతే రోగిని లేపేద్దాం’ అనే భరోసా లావుపాటి రోగి విషయంలో నిలవదని ఆ నమూనా గీతలే చెబుతాయి. విరుగుడు మందు సుగామాడెక్స్ కిలోకు 16 మి.గ్రా. ఇచ్చి, మరో కండరాల మందు రొకురోనియంను తక్షణం తిప్పికొట్టినా కండరాలు కదులుతాయి కానీ, వాచిన గొంతు తెరుచుకోదు, ఇచ్చిన మత్తు దిగిపోదు.

ఇంత తెలిసీ మన ఎయిర్‌వే వ్యాసాల్లో ‘3 నిమిషాలు ప్రీఆక్సిజనేషన్ (ముందస్తు ఆక్సిజన్) ఇచ్చాం’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. మూడు నిమిషాలు గడియారం చెప్పే మాట. ఊపిరితిత్తుల మాట వినాలంటే వదిలే ఊపిరిలో ఆక్సిజన్ శాతం చూడాలి. అది 87 నుంచి 90 దాకా రావాలి. మాస్కు అంచు గడ్డం దగ్గర వేలు పట్టేంత తెరుచుకుని ఉంటే ఎన్ని నిమిషాలు ఇచ్చినా 70 దగ్గరే వేలాడుతుంది. గడ్డం పెంచినవారిలో, పళ్లు లేని వృద్ధుల్లో, ముక్కు గొట్టం మీదుగా మాస్కు పెట్టినప్పుడు ఇదే అవుతుంది. మంచం తలవైపు 20 నుంచి 25 డిగ్రీలు ఎత్తారా లేదా అన్నదీ రాయరు. ఈ రెండూ రాయని వ్యాసంలో, ఊపిరి ఆగాక ఎంతసేపు తట్టుకున్నారన్న అంకెకు మేం విలువ ఇవ్వలేం.

హై ఫ్లో ముక్కు ఆక్సిజన్ (ముక్కులోకి అధిక వేగంతో ఆక్సిజన్ పంపే పద్ధతి) కథ కూడా మీరు గమనించదగ్గదే. 2015లో పటేల్, నౌరాయి 25 మంది కష్టమైన ఎయిర్‌వే రోగుల్లో నిమిషానికి 70 లీటర్లు ఇస్తూ, ఊపిరి ఆగిన సమయం మధ్యస్థంగా 14 నిమిషాలు సాగిందని ప్రచురించారు. కార్బన్ డయాక్సైడ్ మామూలుగా పెరిగే వేగం కన్నా చాలా మెల్లగా పెరిగిందన్నారు. ఆ వ్యాసం తర్వాత చాలా థియేటర్లలోకి ఆ యంత్రం వచ్చేసింది. తర్వాత రోగులను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసి వేర్వేరు ప్రవాహాలను పోల్చి చూస్తే, ఆరోగ్యవంతుల్లో 70 లీటర్లు ఇచ్చినా చాలా తక్కువ ఇచ్చినా కార్బన్ డయాక్సైడ్ పెరిగే వేగంలో తేడా కనిపించలేదు. ఆక్సిజన్ మాట నిలిచింది, కార్బన్ డయాక్సైడ్ కడిగేస్తుందన్న మాట బలహీనపడింది. గొంతు మూసుకుపోతే పైనుంచి ఎన్ని లీటర్లు పోసినా కిందికి దిగదన్న సంగతి మాత్రం ఏ ట్రయల్‌తోనూ మారదు.

పరికరాల మీద పరిశోధన మానేయమనడం లేదు, సరైన చోట చేయమంటున్నాం. వంపు బ్లేడుతో తెర మీద స్వరతంతువులు అద్దంలా కనిపిస్తాయి, ట్యూబ్ మాత్రం పోదు. ఎందుకు? నేరుగా చూసేటప్పుడు నోరు, గొంతు, శ్వాసనాళం దాదాపు ఒక గీత మీదికి తెస్తాం. ఆ గీత వెంటే ట్యూబ్ పోతుంది. వంపు బ్లేడు ఆ గీత తేకుండానే మూల దాటి చూస్తుంది, కాబట్టి ట్యూబు కూడా ఆ మూల తిరగాలి. బ్లేడు వంపుకు సరిపడే గట్టి స్టైలెట్ (ట్యూబు లోపల పెట్టే కడ్డీ) లేకపోతే ట్యూబు కొస వెనక్కి, అన్నవాహిక వైపు జారుతుంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు బ్లేడును ఇంకా లోపలికి తోసి ఇంకా బాగా చూడాలనుకోవడం. అప్పుడు స్వరపేటిక పైకి వంగి ట్యూబుకు అందకుండా పోతుంది. బ్లేడును ఒకటి రెండు సెంటీమీటర్లు వెనక్కి లాగి, స్వరపేటిక తెరలో పై సగంలో కాస్త చిన్నగా, సగమే కనిపించేలా ఉంచుకుంటే దారి దొరుకుతుంది. అంటే చూపు కొంచెం చెడితేనే ట్యూబ్ పడుతుంది! కొస స్వరతంతువుల మధ్యకు వచ్చాక కూడా, పైకి వంగిన ట్యూబు శ్వాసనాళం ముందు గోడకు తన్ని ఆగిపోతుంది. అప్పుడు స్టైలెట్‌ను కొన్ని సెంటీమీటర్లు వెనక్కి తీసి, ట్యూబును కుడివైపు 90 డిగ్రీలు తిప్పితే జారుతుంది. ఇంకొకటి: ట్యూబును నోట్లోకి దించేటప్పుడు కళ్లు తెర మీద కాకుండా నోటి మీద ఉండాలి. ట్యూబు తెరలో కనిపించే లోపు కొండనాలుక పక్కన మెత్తటి భాగాన్ని చీల్చుకుంటూ పోయిన గాయాలు ఈ పరికరాలతో పాటే వచ్చాయి.

ఇప్పుడు చెప్పండి, స్వరపేటిక ఎంత శాతం కనిపించిందన్న కొలతను ప్రధాన ఫలితంగా పెట్టుకున్న అధ్యయనం దీన్ని ఎలా పట్టుకుంటుంది? కోర్మాక్, లెహేన్ 1984లో ఇచ్చిన గ్రేడ్లు నేరుగా చూసే కాలానివి. వాటిని తెరకు అతికించి ‘గ్రేడు మెరుగుపడింది’ అనడం వల్ల ఒరిగేది లేదు. వీడియోతో తొలి ప్రయత్నం విఫలమైతే రెండోసారి ఏం మార్చాలి, బ్లేడునా, స్టైలెట్‌నా, బూజీనా (ట్యూబుకు దారి చూపే సన్నని కడ్డీ), మనిషినా? ఈ ప్రశ్న మీద పెద్ద ట్రయల్స్ రావాలి.

బూజీ దగ్గర మరో పాఠం ఉంది. 2018లో బీమ్ ట్రయల్‌లో 757 మంది మీద, ఒకే ఎమర్జెన్సీ విభాగంలో, బూజీతో తొలి ప్రయత్నం 98 శాతం, స్టైలెట్‌తో 87 శాతం నెగ్గింది. 2021లో అదే ప్రశ్నను అనేక కేంద్రాల్లో 1,102 మంది మీద వేస్తే బూజీతో 80.4, స్టైలెట్‌తో 83.0. బూజీ ఏమీ మారలేదు. మొదటి చోట దాన్ని అందరూ రోజూ వాడతారు, రెండో ట్రయల్‌లో చాలామందికి అది అప్పుడప్పుడూ వాడే వస్తువు. పరికరం ఫలితం సగం, పట్టుకున్న చెయ్యి సగం. అందుకే ట్యూబ్ వేసినవారు అంతకుముందు ఆ పరికరంతో ఎన్ని వేశారో రాయని వ్యాసాన్ని సంపాదకులు వెనక్కి పంపాలి. ‘అనుభవజ్ఞుడైన అనస్థటిస్ట్ చేశారు’ అంటే చాలదు. మామూలు బ్లేడుతో 90 శాతం విజయానికి చేరాలంటే సుమారు 50 ట్యూబులు వేయాలని అభ్యాసం మీద వచ్చిన అధ్యయనాలు చెప్పాయి. కొత్త పరికరంతో 10 వేసినవారిని, పాత బ్లేడుతో 1,000 వేసినవారిని పోల్చి పరికరాల పోలిక అని పేరు పెట్టడం పప్పులో కాలేయడమే.

కష్టమైన ఎయిర్‌వేను ముందే కనిపెట్టడం మీద కూడా ఏటా వందల పేజీలు ఖర్చవుతున్నాయి. నోరు తెరిపించి గొంతు ఎంత కనిపిస్తుందో చూసే మలంపాటి గ్రేడు 1985 నాటిది. 2018 కాక్రేన్ సమీక్ష 133 అధ్యయనాల నుంచి 8,44,206 మంది వివరాలు తీసుకుని చూస్తే, మార్చిన మలంపాటి పరీక్ష కష్టమైనవారిలో సగం మందినే పట్టింది. అన్నిటికన్నా మెరుగనిపించుకున్న పై పెదవి కొరికే పరీక్ష పట్టినది మూడింట రెండు వంతులు. డెన్మార్క్ అనస్థీషియా డేటాబేస్ నుంచి 2015లో వచ్చిన లెక్క ఇంకా చేదు: 1,88,064 మందిలో కష్టమైన ఇంట్యుబేషన్లు 3,391, వాటిలో 93 శాతం ఎవరూ ముందుగా ఊహించనివి. కష్టమవుతుందని ముందే రాసిపెట్టినవాటిలో నిజంగా కష్టమైనవి నాలుగింట ఒకటే.

వైద్యుల అజాగ్రత్త వల్లే ఇలా అయిందనుకోనక్కర్లేదు. ఇది అంకగణితం. 1,000 మందిలో 50 మందికి నిజంగా కష్టం ఉందనుకోండి. 70 శాతం పట్టగలిగి, కష్టం లేనివారిని 90 శాతం సరిగ్గా వదిలేసే పరీక్ష ఉందనుకోండి, చాలా మంచి పరీక్షే. అది 35 మందిని పట్టుకుంటుంది, 15 మందిని వదిలేస్తుంది, ఏ కష్టమూ లేని 95 మంది మీద వేలు చూపిస్తుంది. మొత్తం వేలు చూపించిన 130 మందిలో నిజమైనవారు 27 శాతం. ముఖం ఫొటోలు చూసి కష్టాన్ని చెప్పే కృత్రిమ మేధ నమూనాలు ఇప్పుడు వెల్లువెత్తుతున్నాయి. వాటికీ ఇదే లెక్క. కష్టమైనవారు, సులభమైనవారు సగం సగం ఉన్న సమూహం మీద 90 శాతం ఖచ్చితత్వం చూపించి, అసలు జనాభాలో అడుగుపెట్టగానే చతికిలబడేవే ఎక్కువ. అలాంటి వ్యాసం మీ దగ్గరికి వస్తే రెండు అడగండి: నేర్పిన ఆసుపత్రిలో కాకుండా వేరే చోట పరీక్షించారా, 1,000 మందిలో ఎంతమంది మీద అనవసరంగా వేలు చూపిస్తుంది. తెర మీది చిత్రంలో స్వరపేటికను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ నెత్తురు, కఫం నిండిన గొంతులో ఎలా పనిచేస్తుందన్నది మూడో ప్రశ్న. కష్టం అక్కడే కదా ఉండేది.

ముందుగా కనిపెట్టలేమని ఒప్పుకుంటే పరిశోధన దారి మారుతుంది. ప్రతి రోగి దగ్గరా విఫలమైతే ఏం చేస్తామన్న సిద్ధత ఎంత ఉందన్నదే ప్రశ్న అవుతుంది.

బ్రిటన్‌లో జరిగిన నాల్గవ జాతీయ ఆడిట్, అందరూ నాప్-4 అంటారు, 2011లో వెలువడింది. ఏడాదిలో 184 తీవ్రమైన ఎయిర్‌వే ఘటనలు విశ్లేషించారు. అందులో మా దృష్టిని ఇప్పటికీ పట్టి ఉంచేవి మూడు. మొదటిది కాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గీతగా చూపే యంత్రం) లేకపోవడం, ఉన్నా గీతను తప్పుగా చదవడం. గుండె ఆగిందేమో, బ్రాంకోస్పాజం (శ్వాసనాళికలు బిగుసుకోవడం) అయ్యుంటుందేమో అంటూ చదునైన గీతకు వేరే కారణాలు వెతికారు. గుండె ఆగినా, ఛాతీ నొక్కుతూ ఊపిరి ఇస్తుంటే చిన్నదైనా అల వస్తుంది. గీత పూర్తిగా చదునుగా ఉందంటే ట్యూబు అన్నవాహికలో ఉందనే అనుకోవాలి. అంతర్జాతీయ ఎయిర్‌వే సంఘాలతో కలిసి ప్యూమా బృందం 2022లో దీనికి కొలత పెట్టింది: కనీసం 7 ఊపిరులు, ప్రతిదానికీ లేచి దిగే అల, శిఖరం అడుగు గీత కన్నా కనీసం 7.5 మి.మీ. పాదరసం ఎత్తు. ఇది రాకపోతే ట్యూబు తీసేయడమే మొదటి ఆలోచన. ఛాతీలో చప్పుడు వినిపించిందని, ట్యూబులో ఆవిరి పట్టిందని చెప్పడం ఈ గీతకు ప్రత్యామ్నాయం కాదు. కడుపులోకి పోయిన గాలికి కూడా చప్పుడు ఉంటుంది, ఆవిరీ ఉంటుంది. కనుక ‘ట్యూబ్ సరిగ్గా పడిందని క్లినికల్‌గా నిర్ధారించాం’ అని రాసిన ప్రోటోకాల్‌కు ఎథిక్స్ కమిటీలు ఆమోదం ఇవ్వకూడదు.

రెండోది మెడ ముందు నుంచి దారి. ట్యూబూ పడక, ఆక్సిజనూ అందక నిలిచిపోయిన స్థితిలో సూదితో, సన్నని కాన్యులాతో చేసిన ప్రయత్నాల్లో దాదాపు 60 శాతం విఫలమయ్యాయి. కత్తితో చేసినవి దాదాపు అన్నీ నెగ్గాయి. ఈ పోలికలో ఒక తిరకాసు ఉంది: సూది వేసింది ఎక్కువగా అనస్థటిస్టులు, కత్తి పట్టింది ఎక్కువగా సర్జన్లు. మళ్లీ అదే, పరికరమా, చెయ్యా? అయినా 2015 డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ మార్గదర్శకాలు కత్తి, బూజీ, ట్యూబ్ పద్ధతిని ఎంచుకోవడం సబబే. అవసరమైనవి మూడే: 10 నంబరు బ్లేడు, వంగిన కొస ఉన్న బూజీ, కఫ్ (చుట్టూ ఉబ్బే గాలి బుడగ) ఉన్న 6.0 ట్యూబు. క్రికోథైరాయిడ్ పొర (స్వరపేటిక ముందువైపు ఉండే పలుచని పొర) దొరికితే అడ్డంగా ఒకే పోటు, బ్లేడు పదును రోగి కాళ్లవైపు వచ్చేలా 90 డిగ్రీలు తిప్పడం, బ్లేడు వెంబడే బూజీ కొసను శ్వాసనాళంలోకి జార్చడం, దాని మీదుగా ట్యూబు. పొర చేతికి దొరకకపోతే మెడ మధ్యలో నిలువుగా 8 నుంచి 10 సెం.మీ. కోసి, వేళ్లతో కణజాలం విడదీసి స్వరపేటికను పట్టుకోవాలి. చెడేది ఎక్కడంటే, బూజీ పోకముందే బ్లేడు బయటికి తీయడం. ఆ చీలిక క్షణంలో మూసుకుపోయి నెత్తుటిలో కనిపించదు. లేకపోతే బూజీ శ్వాసనాళం ముందు కణజాలంలోకి పోవడం, చిన్న చీలికలో 7.0 ట్యూబును కుక్కడం, లోపలికి పోయాక అతిగా తోసి కుడి ఊపిరితిత్తికే ఊపిరి ఇవ్వడం.

దీని మీద రోగుల్లో లాటరీ ట్రయల్ ఎన్నటికీ జరగదు, జరగకూడదు. అందుకని ఊరుకోలేం. ఇక్కడ మానికిన్, జంతు కణజాలం మీద అధ్యయనాలకు నిజంగా చోటుంది. ఒకసారి నేర్పితే ఆ చేతివాటం ఎన్ని నెలలు నిలుస్తుంది, మత్తుకు ముందే అల్ట్రాసౌండ్‌తో పొరను గుర్తుపెట్టుకుంటే కోతకు పట్టే సమయం తగ్గుతుందా వంటివి అడగొచ్చు. జరిగిన ప్రతి ఘటననూ రిజిస్ట్రీలో చేర్చడం మరో దారి. అందులో కోత ఎన్ని సెకన్లలో అయిందన్న అంకె కన్నా, ‘ఇక మెడలోంచే’ అని ఎవరు, ఎన్నో ప్రయత్నం తర్వాత, శాచురేషన్ ఎంత ఉండగా గట్టిగా అన్నారన్నది ఎక్కువ నేర్పుతుంది. ప్రాణం పోయేది కోత ఆలస్యమై కాదు, ఆ మాట ఆలస్యమై. పిల్లల విషయంలోనూ ప్రయత్నాల సంఖ్యే శత్రువు: పిల్లల్లో కష్టమైన ఇంట్యుబేషన్లను నమోదు చేసే పెడీ రిజిస్ట్రీ నుంచి 2016లో వచ్చిన విశ్లేషణలో 1,018 కష్టమైన ఇంట్యుబేషన్లలో ఐదింట ఒకదానికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, రెండుకు మించిన ప్రయత్నాలు ఆ ముప్పును పెంచాయి.

నాప్-4లో మూడో సంగతిని అందరూ మరిచిపోతారు. మత్తుకు సంబంధించిన ఘటనల్లో దాదాపు మూడో వంతు ట్యూబు తీసేటప్పుడో, రికవరీలోనో జరిగాయి. దాని మీద పరిశోధన ఎంత? చాలా కొద్ది. ట్యూబు తీయడం మీద అమ్మడానికి తెర ఉన్న వస్తువు లేదు మరి. కఫ్ గాలి తీసి చూసే కఫ్ లీక్ పరీక్షలో ట్యూబు చుట్టూ ఎంత గాలి కారితే భరోసా పడొచ్చు, ట్యూబు తీశాక దారి నిలిపేందుకు ఉంచే సన్నని గొట్టాన్ని, అంటే ఎయిర్‌వే ఎక్స్‌ఛేంజ్ క్యాథెటర్‌ను, ఎంతసేపు ఉంచాలి, దాన్ని మెలకువగా ఉన్న రోగి ఎంతవరకు ఓర్చుకుంటాడు వంటి ప్రశ్నలకు గట్టి జవాబులు లేవు. ఆ క్యాథెటర్ పెద్దవాళ్లలో పెదవుల దగ్గర 25 సెం.మీ. దాటి లోపలికి పోకూడదు, దాంట్లోంచి ఒత్తిడితో ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తి పగిలే ముప్పుంది. ఇవి తెలియక జరిగే నష్టం ఎంతో లెక్కపెట్టినవారు అరుదు.

ఇక గొంతు నిర్మాణంలో ఏ కష్టమూ లేని రోగి కూడా ట్యూబుతో కుప్పకూలగలడు. 2021లో జామాలో వచ్చిన ఇంట్యూబ్ అధ్యయనం 29 దేశాల్లో తీవ్రంగా జబ్బుపడిన 2,964 మందిని గమనించింది. 45.2 శాతం మందికి ఇంట్యుబేషన్ చుట్టూ ఏదో ఒక పెద్ద ప్రమాదం జరిగింది, అందులో అధికం బీపీ, గుండెకు సంబంధించినవి. 3.1 శాతం మందికి గుండె ఆగింది. ముందే 500 మి.లీ. సెలైన్ ఎక్కిస్తే ఈ పతనం ఆగుతుందని చాలామంది నమ్మేవాళ్లం. 2022లో 1,065 మంది మీద చేసిన ట్రయల్‌లో అది ఆగలేదు. సెలైన్ కాకపోతే మరేమిటి, బీపీ పెంచే మందు ముందే మొదలుపెట్టాలా, ఎవరికి? ఈ ప్రశ్నకు డబ్బు పెట్టండి.

సంఖ్యల గురించి థీసిస్ కమిటీలకు ఒక మాట. 60 మందిలో ఒక్కరికీ ప్రమాదం జరగలేదని రాసి ‘పద్ధతి సురక్షితం’ అని ముగిస్తారు. సున్నా వచ్చినప్పుడు 3ను మొత్తం సంఖ్యతో భాగిస్తే ఆ ప్రమాదం గరిష్ఠంగా ఎంత ఉండొచ్చో తెలుస్తుంది: 3 బై 60, అంటే 5 శాతం. ప్రతి 20 మందిలో ఒకరికి హాని జరిగే పద్ధతి కూడా మీ 60 మందిలో సున్నా చూపించగలదు. 1 శాతం లోపని చెప్పాలంటేనే 300 మంది కావాలి.

ఒక పీజీ విద్యార్థి దగ్గర ఏడాదిన్నర సమయం, ఒక గైడు, ఒక థియేటర్ ఉంటాయి. అతని చేత వెయ్యి మంది రోగులను తెమ్మనడం న్యాయం కాదు, నిజమే. కానీ 30 కళాశాలల్లో 30 మంది విద్యార్థులు ఒకే ప్రోటోకాల్‌తో తలా 40 మందిని చేర్చితే 1,200 మంది అవుతారు. ఒక్కొక్కరు తమ ఆసుపత్రి భాగాన్ని వేరు ప్రశ్నతో విశ్లేషించి థీసిస్‌గా సమర్పించుకోవచ్చు. దీనికి అడ్డం ‘థీసిస్ అంశం ఇంకొకరిది అయి ఉండకూడదు’ అనే నిబంధన ఒక్కటే. దాన్ని మార్చే అధికారం మీ చేతుల్లో ఉంది.

ప్రోటోకాల్‌కు ఒక పేజీ ఫారం చాలు. బ్లేడు పళ్లు దాటి లోపలికి పోతే ఒక ప్రయత్నంగా లెక్క, ట్యూబు వేసినా వేయకపోయినా. కండరాల మందు ఏది, కిలోకు ఎంత, ఇచ్చాక ఎన్ని సెకన్లు ఆగారు. రొకురోనియం కిలోకు 1.2 మి.గ్రా. ఇచ్చి 30 సెకన్లకే బ్లేడు పెట్టి, దగ్గుతున్న గొంతును కష్టమైన ఎయిర్‌వేగా నమోదు చేయడం మామూలైపోయింది. మత్తుకు ముందు వదిలే ఊపిరిలో ఆక్సిజన్ శాతం, చెవి రంధ్రం రొమ్ము ఎముక పైఅంచుతో ఒక మట్టానికి వచ్చిందా, పరికరం, స్టైలెట్, వేసినవారి పూర్వానుభవం అంకెల్లో. మత్తు ఎక్కించిన క్షణం నుంచి ట్యూబు పడ్డ 2 నిమిషాల దాకా కనిష్ఠ శాచురేషన్, కనిష్ఠ బీపీ. ఆ 2 నిమిషాలు ఎందుకంటే, చల్లబడిన వేలికి పెట్టిన ప్రోబు రక్తంలో జరిగిన పతనాన్ని అర నిమిషం, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా చూపిస్తుంది. ట్యూబు పడగానే పెన్ను మూసేస్తే అసలు అంకె ఫారంలోకి రాదు. ఈ అంకెలను మానిటర్ మెమరీ నుంచి తీసుకోవాలి. ట్యూబు వేసినవారినే తర్వాత గుర్తుతెచ్చుకుని రాయమంటే ఎవరికైనా 92 కన్నా తక్కువ గుర్తుండదు.

మీ తదుపరి సమావేశంలో ఈ ఒక్క పేజీ ఫారాన్ని ఎజెండాలో చేర్చండి. ముసాయిదా మేం పంపుతాం, గీతలు మీరు గీయండి.

ఇట్లు,
రోజూ ఎయిర్‌వే పని చేసే కొందరు అనస్థీషియా, ఐసీయూ వైద్యులం